మిద్దె మీద ఇంకో ఊరు

ట్రిపోలీ,
9 అక్టోబరు 1983

మబ్రూకా అక్కకు,

తమ్ముడు హారూన్ సలాములు. ఇక్కడ నేను, వసీలా, పిల్లలు క్షేమం. చిన్నదానికి రెండు పళ్ళొచ్చాయి. వచ్చిన మర్నాడే నా స్కేలు కొరికి వాటి పదును చూపించింది.

అసలు సంగతికి వస్తాను. మన వీధివాళ్ళు పాత ఊరు వదిలి కొత్త స్థలంలో కట్టుకోబోయే ఇరవై నాలుగు ఇళ్ళకు నక్షాలు గీసే పని పెద్దలు నాకే అప్పగించారని బావగారు చెప్పే ఉంటారు. హాజీ కాసిం ఒకటే షరతు పెట్టాడు. "ముందు నాలుగిళ్ళు కట్టించు. అందులో ఒకటి మీ అక్కది. ఆమె కాపురం పెట్టి, బాగుందని నోటితో అంటే మిగతా ఇరవై కడతాం. అనకపోతే లారీలో సిమెంటు ఇటుకలు దింపించుకుంటాం," అన్నాడు. సిమెంటు ఇంట్లో చేరిన మన అత్తకూతురు జులైలో గోడకు చెయ్యి ఆనించలేక ఎలా గోలపెట్టిందో నీకు తెలుసు. కాబట్టి నా ఏడేళ్ళ చదువు, మన వీధి చల్లదనం, రెండూ నీ నోటి మాట మీద ఆధారపడి ఉన్నాయి.

నక్షా ఇందులోనే పెట్టాను. గోడలు పచ్చి ఇటుకవే, మూరెడున్నర మందం. పైకప్పుకు ఖర్జూరపు దూలాలు. నట్టింటి పైన వెలుతురు కన్నం పాత ఇంట్లోలాగే ఉంటుంది. అద్దాలు, రాగి పళ్ళేలు తగిలించుకోవడానికి మేకులకు కూడా చోటు చూపించాను. సందులన్నిటికీ పైన కప్పు వేసి, మలుపు మలుపుకీ కూర్చునే అరుగు పెట్టాను. మిట్టమధ్యాహ్నం మసీదు నుంచి ఇంటి దాకా నీడలోనే నడిచి రావచ్చు. పక్క గదుల మధ్య గోడ మీద బరువు లేదు. పిల్లలకు పెళ్ళిళ్ళైనప్పుడు దాన్ని జరుపుకోవచ్చు, వేరు కాపురాలు పెట్టాక మళ్ళీ తీసేయవచ్చు.

నీ కోసమని రెండు పనులు చేశాను. మిద్దె మీది వంటిల్లు కిందికి దించి గ్యాసు పొయ్యి పెట్టాను, వేడి పోవడానికి గొట్టం వేశాను. మిద్దె చుట్టూ పిట్టగోడ మనిషెత్తు లేపి నాలుగు వైపులా మూసేశాను. ఇక ఎటు నుంచీ ఎవరి కన్నూ నీ మీద పడదు.

కాగితం అర్థం కాకపోతే బావగారిని అడుగు.

నీ తమ్ముడు,
హారూన్


గదామిస్,
27 అక్టోబరు 1983

హారూన్‌కు అక్క దీవెనలు.

చంటిదాని పళ్ళ కబురు విని నవ్వుకున్నాను. నీ స్కేలుకు అంతకు మించిన ఉపయోగం ఇంకా కనబడలేదు.

ఖర్జూరం కోతల్లో మీ బావ తోటలోనే ఉంటున్నారు. నీ నక్షాను తలకిందులుగా పట్టుకుని అరగంట చూసి, "భేషుగ్గా ఉంది" అన్నారు. నేను తిప్పి ఇచ్చాను. మళ్ళీ అరగంట చూసి మళ్ళీ అదే అన్నారు. అందుకని ఆయన్ను అడగలేదు.

గోడలు బాగున్నాయి. నువ్వు సందులు గీసిన తీరు చూస్తే కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు నువ్వు గోళీలాడిన మలుపు కూడా దించావు. వంటిల్లు మాత్రం మిద్దె మీదే ఉండాలి. కింద వండితే ఆ వేడంతా ఎవరి నెత్తి మీదికి పోతుంది? మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు పొయ్యి ఉండాలి. మెట్లు ఇప్పుడున్నట్టు పదకొండే ఉండాలి, జానెడు ఎత్తున. ఇరవై ఆరేళ్ళుగా మన పక్కిల్లైన బషీర్ వాళ్ళకు కొత్త చోట కూడా మన పక్కనే వచ్చింది కదా, వాళ్ళ ఇల్లు అచ్చం మన ఇంటిలాగే ఉండాలి. ఒక్క మేకు కూడా తేడా రాకూడదు. ఆ వైపు పిట్టగోడలో సందు వదిలిపెట్టు.

ఎందుకని అడగకు. ఈ కాగితం ఒకసారి వసీలాకు చూపించు.

ఇక్కడ గాలి చల్లబడింది. కొత్త ఖర్జూరం ఒక డబ్బా బస్సు డ్రైవరు చేతికిచ్చాను. డబ్బాలో సగమే ఉంటే అతన్నేమీ అనకు, పిల్లలు గలవాడు.

మీ అక్క,
మబ్రూకా


ట్రిపోలీ,
15 నవంబరు 1983

అక్కా, సలాం.

డబ్బా నిండుగానే వచ్చింది. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కొంచెం దిగులూ వేసింది.

అలవాటైన చెప్పు చిరిగినా వదలబుద్ధి కాదు, నాకు తెలుసు. కానీ ఆలోచించు. నీకు నలభై ఏడు. ఇంకో పదేళ్ళకు కట్టెలు మోసుకుని జానెడేసి మెట్లు ఎక్కుతావా? సరే, వంటిల్లు పైనే ఉంచుతాను, కానీ మెట్లు పద్నాలుగు చేశాను. ఒక్కొక్కటి తక్కువ ఎత్తు, నీ మోకాళ్ళకు సుఖం. పొయ్యి కుడివైపు పెట్టాను. అటైతే ఎడారి నుంచి గిబ్లీ వడగాలి వీచినప్పుడు పొగ నీ మొహాన కొట్టదు. లెక్క కట్టి చూశాను.

పిట్టగోడలో గాలి కోసం నువ్వు అడిగిన కన్నం పెట్టాను. తల కంటే ఎత్తులో, జాలీ బిగించి. అక్కడైతే పక్కింటివాళ్ళకు కనబడవు.

ఇక బషీర్ వాళ్ళ ఇల్లు ఒక్క మేకు తేడా లేకుండా ఉండాలన్నావు. అక్కా, వాళ్ళకు మనకంటే ఒక గది ఎక్కువ వస్తుందని భయమా? పోటీ పడే వయసా మనది? వాళ్ళ కోడలు నజాత్ బళ్ళో పంతులమ్మ, పుస్తకాలకు ఓ అలమర కావాలంటుంది. ఆ అమ్మాయి అడిగినట్టు కాస్త మారుస్తాం, నువ్వు పట్టించుకోకు.

వసీలాకు నక్షాలు చదవడం రాదు. పిల్లతోనే దానికి సరిపోతోంది.

నీ,
హారూన్


గదామిస్,
2 డిసెంబరు 1983

హారూన్,

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

కన్నం కాదు నాయనా, సందు. గాలికి కాదు. నేల నుంచి మొదలవ్వాలి. మనిషి పట్టేంత ఉండాలి. పొయ్యి ఎడమవైపు. మెట్లు పదకొండు. పోటీ నా కడుపున పుట్టలేదు, ఆ మాట ఇంకోసారి అనకు.

సందు లేకపోతే నేను ఆ ఇంటికి రాను. హాజీ కాసింకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

మీ బావ నీకు సలాం చెప్పమన్నారు. ఆయనకు ఈ గొడవేదీ తెలియదు.

మబ్రూకా


ట్రిపోలీ,
20 జనవరి 1984

మబ్రూకా అక్కకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. కోపం వచ్చిందనుకున్నావేమో. కోపం కాదు, భయం. ఇరవై నాలుగిళ్ళ పని సొంత అక్క ఒప్పుకోనందువల్ల ఆగిపోయిందంటే నేను మళ్ళీ ఆ ఊళ్ళో తలెత్తుకోలేను. అందుకని నీ బాధ ఎక్కడుందా అని రోజూ ఆలోచించాను. పోయిన వారం దేవుడే దారి చూపించాడు.

నీటి మోటారు కొనడానికి బషీర్ ఇక్కడికి వచ్చాడు. టీ తాగుతూ అన్నాడు: "ఏమైందో తెలీదన్నా, మీ అక్క పేరెత్తితే చాలు, మా అమ్మ మాట మార్చేస్తోంది. పొద్దున మబ్రూకా పిన్ని వచ్చిందా అంటే రాలేదంటుంది. వాళ్ళకేదో చెడినట్టుంది."

అప్పుడు అర్థమైంది. వాళ్ళమ్మ రుకయ్యా అత్తతో ఇరవై ఆరేళ్ళ స్నేహం చెడితే పక్కపక్కన ఉండటం ఎంత నరకమో నేను ఊహించగలను. ఆమె కంటే తక్కువ ఇల్లు నీకు రాకూడదని, ఆమె ఏం చేస్తోందో తెలియడానికి గోడలో సందు కావాలని ఎందుకు పట్టుబట్టావో కూడా తెలిసింది. ఈ మాట నువ్వు నోటితో చెప్పలేవు. నేను చెప్పించను కూడా.

కాబట్టి శుభవార్త. హాజీ కాసింను బతిమాలి నీ స్థలం మార్పించాను. వరసకు ఆ కొసన ఉన్న మూల స్థలం ఇప్పుడు నీది. గాలి బాగా వస్తుంది, రెండు వైపులా పొరుగు లేదు. నీ పాత స్థలం యూషాకు ఇచ్చారు. అతనికి కొత్తగా పెళ్ళైంది. నాలుగిళ్ళకూ ముగ్గు పోసేశారు. ఇక నువ్వు రుకయ్యా అత్త ముఖం చూడనక్కర్లేదు.

సంతోషమేనా?

హారూన్


గదామిస్,
6 ఫిబ్రవరి 1984

హారూన్,

ఈ ఉత్తరం మీ బావ చేతికి ఇవ్వలేదు. నేనే ముసుగేసుకుని పోస్టాఫీసు దాకా వెళ్ళి వేస్తున్నాను. నువ్వు చదివాక చించెయ్.

నీ శుభవార్త చదివి అన్నం ముట్టలేదు. నిన్ను తిట్టుకున్నాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. పక్కింటి ఆడమనిషి సంగతి ఇంకో మగవాడికి ఉత్తరంలో రాయడం మన ఇళ్ళలో లేదు, వాడు తమ్ముడైనా సరే. పైగా నోరు విప్పనని నేను మాటిచ్చాను. ఆ మాట ఇవాళ తప్పుతున్నాను.

రుకయ్యాకు చూపు పోయింది. నాలుగేళ్ళ నుంచి మెల్లమెల్లగా పోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. కొడుక్కీ తెలియదు, కోడలికీ తెలియదు.

ఎందుకు దాచిందని అడుగుతావు. వాళ్ళమ్మకూ ఇలాగే పోయింది. కళ్ళు పోయాయని తెలిసిన రోజే ఆవిడను పొయ్యి దగ్గర నుంచి లేపి నట్టింట్లో ఒక మూల కూర్చోబెట్టారు. ఎంతో ప్రేమగానే కూర్చోబెట్టారు, నోట్లో ముద్ద పెట్టి మరీ చూసుకున్నారు. ఆవిడ ఆ మూలలోనే పద్దెనిమిదేళ్ళు ఉంది. రుకయ్యా నా రెండు చేతులూ పట్టుకుని, "మబ్రూకా, నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపనివ్వకే. లేపితే నేను ఇంట్లో మనిషిని కాను, సామానునే," అంది. ఇంకేం చెయ్యను?

పొద్దున్నే బషీర్ తోటకూ, నజాత్ బడికీ వెళ్తారు. వాళ్ళు గడప దాటగానే నేను మిద్దె మీది సందులోంచి అటు వెళ్తాను. బార్లీలో రాళ్ళేరేది, ఉల్లిపాయలు తరిగేది నేను. ఉప్పు, కారం, మంట ఆమెవి. పిండి ఉడికిందో లేదో చప్పుడు విని చెబుతుంది, నేను చూసి చెప్పలేను. మధ్యాహ్నానికి నేను మా మిద్దె మీద ఉంటాను. బషీర్ వచ్చి తిని, అమ్మ చేతి వంట అంటాడు. అది నిజంగా అమ్మ చేతి వంటే.

ఆ ఇంట్లో ఆమెకు కళ్ళక్కర్లేదు. అడుగులు లెక్క. పదకొండు మెట్లు, ఎడమకు తిరిగితే పొయ్యి, ఆరడుగులు వేస్తే మా సందు. నువ్వు నా మోకాళ్ళ మీద జాలిపడి ఆమె కొత్త ఇంటికీ పద్నాలుగు మెట్లు గీశావు. మొదటి రోజే కట్టెల మోపుతో పదకొండు లెక్కపెట్టి, మిద్దె వచ్చిందనుకుని ఆమె అడుగు ముందుకు వేస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో లెక్క కట్టి చూడు, నీకు లెక్కలు బాగా వచ్చు కదా.

ఇంకో మాట అంటాను, పడు. నువ్వు గీసింది మగవాళ్ళ ఊరు. సందులు, అరుగులు, మసీదు నీడ అన్నీ అచ్చు దించావు, ఎందుకంటే నువ్వు పెరిగింది అక్కడ. నీకు ఎనిమిదేళ్ళు రాగానే అమ్మ చెవి పట్టుకుని నిన్ను మిద్దె మీద నుంచి దించేసింది. అప్పటి నుంచి పగటి పూట మిద్దె ఎలా ఉంటుందో నీకు తెలియదు. మీ సందుల నెత్తి మీద ఇంకో ఊరుంది నాయనా. నేల మీద కాలు పెట్టకుండా నేను ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళగలను. పురిటికీ, చావుకూ, అరువు నిప్పుకూ అదే మా దారి. నువ్వు దానికి నాలుగు వైపులా మనిషెత్తు గోడ కట్టి, ఎవరి కన్నూ పడదని సంబరపడ్డావు.

ఆమెను నా పక్కకు తెచ్చిపెట్టు. ఎందుకో ఎవరికీ చెప్పకు.

మబ్రూకా


ట్రిపోలీ,
25 ఫిబ్రవరి 1984

అక్కా,

ఏ ముఖంతో రాయాలో తెలియక మూడు కాగితాలు పాడు చేశాను.

నువ్వు చించెయ్యమన్నావు. చించే ముందు వసీలాకు చూపించాను, క్షమించు. చదివి మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది. "మన ఊళ్ళో మా పుట్టింటి మిద్దె మీద సందు లేకపోతే నేను బతికేదాన్నే కాదు. తొమ్మిదేళ్ళ కాపురంలో మిద్దె గురించి నన్నొక్క మాట అడిగారా?" అంది. పళ్ళెంలో పప్పు పరిచి, వేలితో మీ మిద్దె దారులన్నీ గీసి చూపించింది. నక్షా చదవడం రాదని నేను రాసిన మనిషి నాకు అరగంట పాఠం చెప్పింది. నోరు మూసుకుని విన్నాను.

మర్నాడే హాజీ కాసింకు ఫోను చేశాను. నీ పాత స్థలంలో యూషా అప్పుడే పునాది లేపేశాడు. "ఒకసారి బతిమాలి మార్పించావు, ఇప్పుడు మళ్ళీ మార్చమంటావు. కారణం చెప్పు, యూషాను నేను ఒప్పిస్తా," అన్నాడు. కారణం నా నాలుక చివర ఉంది. చెప్పలేదు. "నీకు బుర్ర తిరిగినట్టుంది," అని పెట్టేశాడు.

రుకయ్యా అత్తకు అటు పక్క ఇక యూషానే. ఇటు పక్కది పెద్దలు నా సొంతానికి ఇచ్చిన స్థలం.

అక్కడ కట్టుకోబోయే ఇంటి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. పై చదువుకు వెళ్ళిన మొదటి ఏడాది నుంచి గీస్తున్నాను. మన ఎండకు నాకు తెలిసినదంతా అందులో పెట్టాను. గోడల మధ్య గాలి తిరిగే ఖాళీ, ఎండాకాలం కిందికీ చలికాలం పైకీ మారే గదులు. ఎప్పటికైనా అక్కడికే తిరిగొస్తానని వసీలాకు మాటిచ్చాను. దాన్ని నీకిస్తున్నాను. ఆ మూల స్థలం నేను తీసుకుంటాను. సొంత ఇల్లు అక్కకిచ్చాడంటే ఎందుకని ఎవరూ అడగరు, మహా అయితే పిచ్చివాడంటారు.

రుకయ్యా అత్త ఇంట్లో పద్నాలుగు మెట్లూ కట్టేశారట. నా లెక్క తప్పింది, పడగొట్టి పదకొండు కట్టండి, పొయ్యి ఎడమకు పెట్టండి, మా వైపు పిట్టగోడలో మనిషి పట్టే సందు వదలండి అని మేస్త్రికి రాశాను. ఆ ఖర్చు నాది. ఇంజనీరుకు మెట్లు లెక్కపెట్టడం రాదని ఊరంతా నవ్వుతోందని బావగారు ఫోనులో చెప్పారు. నవ్వనీ.

హారూన్


గదామిస్,
11 ఏప్రిల్ 1984

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. వద్దని రాద్దామని కూర్చున్నాను కూడా. ఈలోగా ఇక్కడ చాలా జరిగింది.

నువ్వు ఇల్లు ఇచ్చిన వార్త, మెట్లు పడగొట్టిన వార్త ఒకే రోజు రుకయ్యా చెవిన పడ్డాయి. ఆమెకు కళ్ళు లేవు కానీ ఆ రెండు వార్తలూ కలిపి అర్థం చేసుకోవడానికి కళ్ళక్కర్లేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి సందుకు అడ్డంగా ఖర్జూరపు బుట్టలు పేర్చి ఉన్నాయి. అవతల నుంచి, "పో. నీ తమ్ముడితో కూడా నా కళ్ళ గురించి చెప్పుకున్నావు, ఇక ఊరికి చాటించుకో," అంది. ఇరవై ఆరేళ్ళలో ఆమె నన్ను పొమ్మనడం అదే మొదటిసారి. మూడు రోజులు ఆ బుట్టలు తీయలేదు. ఆ మూడు రోజులూ నేను ఇవతల కూర్చుని, అవతల ఆమె ఒక్కతే బార్లీ ఏరుకునే చప్పుడు వింటూ ఉన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమే చెప్పేసింది. ఆ తర్వాత నజాత్ నా దగ్గరకొచ్చి అంతా చెప్పింది. "నాకు కళ్ళు లేవురా బషీర్, ఇప్పుడు నన్ను ఎక్కడ కూర్చోబెడతావో కూర్చోబెట్టు," అందట. బషీర్ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడట. అప్పుడు నజాత్ అంది: "నాకు తెలుసత్తయ్యా. రెండేళ్ళైంది."

రెండేళ్ళు, హారూన్. ఆ పిల్ల రోజూ కట్టెలు ఒకే చోట ఒకే వరసలో పెడుతూ వచ్చింది. ఒక్క గిన్నె కూడా జరపలేదు. కొత్త ఇంట్లో పుస్తకాల అలమర కావాలన్నది, వస్తువులు నేల మీద లేకుండా ఉంచడానికి. బడి ఎనిమిదిన్నరకైతే ఏడున్నరకే బయలుదేరేది, నేను ఇటు నుంచి వచ్చేందుకు వీలుగా. ఆ గంటసేపూ బడి మెట్ల మీద కూర్చునేదట. చలికాలంలో కూడా.

"తెలిసి ఎందుకు చెప్పలేదే?" అని రుకయ్యా అడిగితే, "మీరు చెప్పలేదు కదత్తయ్యా. మీరు దాచుకున్నది నేనెలా తీస్తాను?" అందట.

నాకు ఏమనిపించిందో నిజం చెబుతాను. మొదట ఆ పిల్ల మీద కోపమొచ్చింది. నాలుగేళ్ళుగా ఆమెకు కళ్ళు నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆ గర్వంతోనే బతికానని అప్పుడు తెలిసింది. తర్వాత సిగ్గేసింది. ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకుని తల నిమిరాను.

బుట్టలు తీసేశారు. బషీర్ వాళ్ళమ్మను ట్రిపోలీ డాక్టరుకు చూపిస్తానంటున్నాడు, వస్తే మీ ఇంట్లోనే దిగుతారు. పొయ్యి మాత్రం ఆమెదే. అది కొడుకుతో దేవుడి మీద ఒట్టు వేయించుకుంది.

నీ ఇల్లు తీసుకుంటున్నాను. రుకయ్యా, "వద్దంటే వాడికి అవమానం," అంది. నాకు మాత్రం గుండె బరువుగానే ఉంది.

మబ్రూకా


గదామిస్,
30 అక్టోబరు 1984

హారూన్‌కు,

ఇంట్లో చేరి పదిహేడు రోజులైంది. గోడలు చల్లగా ఉన్నాయి. మీ బావ గోడకు వీపు ఆనించి కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ తనే కట్టినట్టు చెబుతున్నారు. డాక్టరు ఆశ లేదన్న రోజు నుంచి రుకయ్యా ముఖం తేలికపడింది, ఎందుకో నాకు తెలియదు. ఆమె రోజూ తనంతట తానే మా మిద్దె మీదికి వస్తోంది.

ఇక నీకొక ఫిర్యాదు. మొన్న నేను వాళ్ళ మిద్దె మీద ఉండగా రుకయ్యా పిండి కలుపుతూ ఆగి, "అటువైపు ఎవరో ఏడుస్తున్నారు," అంది. నాకేమీ వినబడలేదు. అటువైపున యూషా ఇల్లు, ఆ పక్క గోడ నువ్వు మనిషెత్తు కట్టించావు కదా. రుకయ్యా గోడకు చెవి ఆనించి, "అమ్మాయీ" అని పిలిచింది. చాలాసేపటికి అవతల నుంచి జవాబు వచ్చింది. యూషా పెళ్ళాం. కొండల్లో నాలూత్ నుంచి వచ్చిన పిల్ల, పంతొమ్మిదేళ్ళు. నాలుగో నెల. మొగుడు లారీ మీద పోయి పది రోజులైంది. మా మాటలూ నవ్వులూ గోడ అవతల నుంచి రోజూ వింటోందట. పిలవకుండా ఎలా రావాలో, ఎటు నుంచి రావాలో తెలియలేదట.

చూడు. నేను అడిగానని నాకొక్క సందు ఇచ్చావు. అడగడం తెలియని పిల్లకు గోడే మిగిలింది. నేనూ నాది నాకు దొరికిందని ఊరుకున్నాను, నా తప్పూ ఉంది.

హాజీ కాసిం నిన్న వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఇల్లు బాగుందా? ఇరవై ఇళ్ళవాళ్ళు నీ మాట కోసం కాచుక్కూర్చున్నారు," అన్నాడు. "సగం బాగుంది. మిగతా సగం మా తమ్ముడు రాశాక చెబుతా," అన్నాను.

జవాబు తొందరగా రాయి.

మీ అక్క,
మబ్రూకా


ట్రిపోలీ,
24 నవంబరు 1984

మబ్రూకా అక్కకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే యూషాకు ఫోను చేశాను. ఆ గోడ రేపే కొట్టిస్తానన్నాడు. భార్య ఏడుస్తోందని తనకు తెలియదన్నాడు. నాకూ తెలియదన్నాను.

మిగతా ఇరవై ఇళ్ళ నక్షాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడెక్కడ సందులు పెట్టాలా అని వసీలాను పక్కన కూర్చోబెట్టుకుని రెండు రాత్రులు గీశాను, చెరిపాను. ఎవరి పక్కన ఎవరికి దారి కావాలో, ఎవరి మధ్య గోడ కావాలో, ఇంకో పదేళ్ళకు అది ఎలా మారుతుందో నాకేం తెలుసు? చివరికి ఇరవై ఇళ్ళకూ మిద్దె మీది మధ్యగోడ గీతలు రబ్బరుతో తుడిచేశాను. గోడ ఎత్తు రాయాల్సిన చోట "ఆ ఇంటి ఆడవాళ్ళను అడగాలి" అని రాసి మేస్త్రికి పంపాను.

తిరుగు టపాలో అతని ప్రశ్న వచ్చింది: "అయ్యా, ఇది ఎన్ని సెంటీమీటర్లు?"

నాకు తెలియదక్కా. నువ్వే చెప్పి పంపు.

హారూన్